"వద్దు" అనడం నేర్పే చదువు: హెలికాప్టర్, స్నోక్యాట్ స్కీ గైడ్‌లు ఎలా తయారవుతారు

పొద్దున ఆరు గంటలు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా కొండల మధ్య ఏదో ఒక లాడ్జ్. బయట ఇంకా చీకటే, గెస్టులు లేవలేదు, హెలికాప్టర్ రెక్కలకి రాత్రి తొడిగిన కవర్లు కూడా ఇంకా తీయలేదు. లోపల ఒక చిన్న రూమ్‌లో ఏడెనిమిది మంది కాఫీ కప్పులు పట్టుకుని స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంటారు. స్క్రీన్ మీద రన్‌ల లిస్టు, అంటే స్కీ చేసుకుంటూ దిగే వాలుల పేర్లు, పెద్ద కంపెనీల్లో అయితే వంద దాటి ఉంటాయి. ఒక్కో పేరు చదవడం, ఆకుపచ్చా ఎరుపా తేల్చడం, తర్వాతి పేరుకి పోవడం. మధ్యలో ఎవరో ఒకరు "నాకు అది నచ్చట్లేదు" అంటే చాలు, ఆ రన్ ఆ రోజుకి ఎరుపే, మిగతా ఏడుగురూ కలిసి ఆ ఒక్కడిని ఒప్పించే పని పెట్టుకోరు. హెలి స్కీ గైడ్ ట్రైనింగ్ అనగానే శిఖరం మీంచి దూకేవాళ్ళు, మోకాలి లోతు మంచు ఎగిరిపడే వీడియోలే గుర్తొస్తాయి గానీ, ఈ పనిలో అసలు నేర్చుకునేదాంట్లో చాలా భాగం ఈ రూమ్‌లోనే జరుగుతుంది.

తెలియనివాళ్ళకి ముందు ఒక మాట. మామూలు స్కీ రిసార్ట్‌లో లిఫ్ట్ ఉంటుంది, ఎక్కి పైకెళ్ళి కిందకి దిగడమే. కాల్గరీలోనో వాంకూవర్‌లోనో ఉండే మనవాళ్ళు శనాదివారాలు లేక్ లూయీజ్‌కో విస్లర్‌కో వెళ్ళి పడి లేచి ఫొటోలు పెట్టేది అలాంటి చోట్లే. అక్కడ వాలులు మెషీన్‌తో సాపు చేస్తారు, ప్రమాదం ఉన్నచోట తాడు కట్టి బోర్డు పెడతారు, జారేలా ఉన్న మంచుని పొద్దున్నే బాంబులు పేల్చి వాళ్ళే ముందు దింపేస్తారు. హెలి స్కీయింగ్‌లో చాలావరకు ఇవేవీ ఉండవు, హెలికాప్టర్ ఏదో ఒక గట్టు మీద దింపేసి వెళ్ళిపోతుంది, కింద ఎక్కడో మళ్ళీ ఎక్కించుకుంటుంది, మధ్యలో ఉన్నదంతా ఎవరూ ముట్టుకోని కొండ. స్నోక్యాట్ అంటే బుల్డోజర్‌కి ఉండేలాంటి వెడల్పాటి పట్టాల మీద నడిచే బండి, వెనక చిన్న బస్సు క్యాబిన్ లాంటిది బిగిస్తారు, ఓ పన్నెండు మంది పడతారు, గుర్రుగుర్రుమంటూ కొండెక్కుతుంది. రెండిట్లోనూ గెస్టులకి, కొండకి మధ్య ఉండే బోర్డు, తాడు, కంచె అన్నీ గైడే.

ఈ వ్యాపారం మొదలైందే బ్రిటిష్ కొలంబియాలో. ఆస్ట్రియా నుంచి 1951లో కెనడా వచ్చిన హాన్స్ గ్మోజర్ అనే కొండ గైడ్, 1965లో బగాబూస్ అనే పర్వతాల్లో ఒక పాత రంపపు మిల్లు క్యాంపులో గెస్టుల్ని ఉంచి, పైలట్ కాకుండా ఇద్దరు పట్టే బుల్లి బెల్ 47 హెలికాప్టర్‌తో ఈ పని మొదలుపెట్టాడు. ఇంకో ఆస్ట్రియన్ మైక్ వీగెలె 1970లో ఇంకో చోట మొదలుపెట్టాడు, తర్వాత బ్లూ రివర్ అనే చిన్న ఊరు ఆయన పేరుతోనే ప్రపంచంలో స్కీ చేసేవాళ్ళందరికీ తెలిసింది. స్నోక్యాట్ స్కీయింగ్ 1975లో సెల్కిర్క్ పర్వతాల్లో. ఇక్కడే ఎందుకంటే పసిఫిక్ నుంచి వచ్చే తేమ అంతా ఈ కొండలకి గుద్దుకుని మంచుగా రాలిపోతుంది, పైగా జనం లేని ప్రభుత్వ భూమి బోలెడు, దాన్ని కంపెనీలకి స్కీయింగ్ కోసం వాడుకోడానికి పర్మిట్ ఇస్తారు. యూరప్‌లో ఇంత వెసులుబాటు లేదు, ఫ్రాన్స్‌లో అయితే టూరిస్టుల్ని స్కీ కోసం హెలికాప్టర్‌లో కొండ మీద దింపడం 1985 నుంచి నిషేధం, స్విట్జర్లాండ్‌లో ప్రభుత్వం ఒప్పుకున్న కొన్ని చోట్లే దింపాలి.

ఇప్పుడు చదువు సంగతి. కెనడాలో రెండు దారులున్నాయి, రెండిటి మధ్యా కాస్త పాత పేచీ కూడా ఉంది. మొదటిది ఏసీఎంజీ, అంటే అసోసియేషన్ ఆఫ్ కెనడియన్ మౌంటెన్ గైడ్స్, 1963లో పెట్టారు, యూరప్ బయట నుంచి అంతర్జాతీయ గైడ్‌ల సమాఖ్యలో చేరిన మొదటి సంఘం అదే. ఇందులో ముందు అప్రెంటిస్ స్కీ గైడ్ పరీక్ష, తర్వాత ఫుల్ గైడ్‌ల కింద పనిచేస్తూ అనుభవం, తర్వాత స్కీ గైడ్ పరీక్ష, రాక్ క్లైంబింగ్, ఆల్పైన్ (అంటే మంచు శిఖరాలు ఎక్కడం) కూడా పూర్తి చేస్తే మౌంటెన్ గైడ్. రెండోది సీఎస్‌జీఏ, కెనడియన్ స్కీ గైడ్ అసోసియేషన్, ఇది వీగెలె పెట్టించింది. హెలికాప్టర్‌లోనో క్యాట్‌లోనో గెస్టుల్ని తిప్పేవాడికి బండరాళ్ళు ఎక్కే పరీక్ష ఎందుకు, వాడికి బాగా స్కీ చెయ్యడం, మంచు చదవడం, గుంపుని నడపడం వస్తే చాలదా అనేది ఆ పక్షం వాదన. కొండ కొండే, హెలికాప్టర్ రాలేని రోజు తాడు కట్టుకుని నడిచి దిగాల్సొస్తే ఏం చేస్తావు అనేది ఇటు పక్షం. రెండిట్లోనూ పాయింట్ ఉంది. కాకపోతే ఒక తేడా మాత్రం చేరేముందే తెలిసుండాలి, మొదటిదాంట్లో మౌంటెన్ గైడ్ దాకా వెళ్తే ఆ బ్యాడ్జ్ ఆల్ప్స్‌లోనూ చెల్లుతుంది, రెండోది ప్రత్యేకంగా మెషీన్‌తో నడిచే స్కీయింగ్ కోసమే తయారైన సర్టిఫికెట్.

పరీక్షకి కూర్చోడానికే ఒక చాంతాడంత రెజ్యూమే కావాలి. అందులో ఉద్యోగాలు రాయరు, ఎన్ని రోజులు కాళ్ళతో ఎక్కి స్కీ చేశారు, ఎన్ని హిమానీనదాలు దాటారు, ఏ కొండలు, ఏ వాతావరణంలో, ఎన్నాళ్ళ ట్రిప్పులు, ఎవరు ముందు నడిచారు, ఇవన్నీ. అవలాంచ్ అంటే కొండ మీంచి మంచు చరియ విరిగి జారిపడటం, కెనడియన్ అవలాంచ్ అసోసియేషన్ నడిపే ఆపరేషన్స్ లెవెల్ 1 కోర్సు ముందే అయిపోయుండాలి, అది వారం రోజుల కోర్సు, సరదాగా స్కీ చేసేవాళ్ళు చేసే రెండు రోజుల కోర్సుకీ దీనికీ సంబంధం లేదు. తర్వాత లెవెల్ 2. ఫస్ట్ ఎయిడ్ 80 గంటలది, ఎందుకంటే అక్కడ 108 ఉండదు, కాలు విరిగినవాణ్ణి సాయంత్రం దాకా చలిలో బతికించుకోవడం గైడ్ పనే. హిమానీనదం పగుళ్ళలో పడ్డవాణ్ణి తాడుతో పైకి లాగడం, మబ్బులో దారి కనపడనప్పుడు మ్యాప్‌తో నడిపించడం, తాడూ గుడ్డా స్కీలూ వాడి స్లెడ్జ్ కట్టడం. ఇంత చదివేలోపు పదేళ్ళు స్కీ మీద గడిచిపోయినవాళ్ళు మామూలే. చిన్నప్పటి నుంచీ కొండ ఊళ్ళో పెరగనివాళ్ళకి ఇది కష్టం, డబ్బున్నవాళ్ళకే కుదురుతుంది అనే ఫిర్యాదు కూడా ఉంది, అందులో నిజం లేకపోలేదు. ఆడవాళ్ళు కూడా ఆలస్యంగానే వచ్చారు, ఉత్తర అమెరికాలో అంతర్జాతీయ మౌంటెన్ గైడ్ సర్టిఫికెట్ అందుకున్న మొదటి మహిళ డైనీ హారిసన్, అది కూడా 1992లో గానీ జరగలేదు.

(మన దగ్గర గుల్మర్గ్‌లో, మనాలీలో ప్రభుత్వ సంస్థలు స్కీ కోర్సులు పెడతాయి, హైదరాబాద్ నుంచి కూడా కుర్రాళ్ళు వెళ్తుంటారు. అవి స్కీ చెయ్యడం నేర్పే కోర్సులు. ఇక్కడ మాట్లాడుకునేది స్కీ పూర్తిగా వచ్చేశాక మొదలయ్యే చదువు.)

స్కీ చెయ్యడం ఎంత బాగా రావాలంటే దాని గురించి అసలు ఆలోచన రాకూడదు. వీపు మీద బరువైన బ్యాగ్, అందులో తాడు, ఫస్ట్ ఎయిడ్, రేడియో, పార. పైన పెళుసు పెంకు, కింద మెత్తటి మంచు, కాలు ఎప్పుడు దిగబడుతుందో తెలీదు, అయినా పడకూడదు, ఎందుకంటే అదే టైమ్‌లో కళ్ళు పైన గాలి పోగేసిన మంచు ముద్దల్ని చూడాలి, చెవులు రేడియో వినాలి, బుర్ర వెనకొచ్చే పదకొండు మందిలో పొద్దున్నుంచి అలసిపోయినవాడు ఎవడో లెక్కేస్తుండాలి. పరీక్షల్లో ఫెయిలయ్యేవాళ్ళలో స్కీయింగ్ బాగా వచ్చినవాళ్ళు కూడా ఉంటారు, స్కీయింగ్ మీద ధ్యాస పెట్టి స్కీ చేసినవాళ్ళు.

ఇక మంచు. కొండ మీద మంచు ఒకే ముద్దలా ఉండదు, పొరలు పొరలుగా ఉంటుంది, ఆత్రేయపురం పూతరేకు గుర్తుతెచ్చుకుంటే సరిపోతుంది. ఒక్కో తుఫానుకి ఒక్కో రేకు. రేకుకీ రేకుకీ మధ్య పంచదార పొడి ఉంటే పై రేకు ఎలా జారుతుందో అలాగే, ఈ పోలిక ఊరికే చెప్పింది కాదు, గైడ్‌లు కూడా దాన్ని షుగర్ స్నో అనే అంటారు. చలి బాగా ముదిరినప్పుడు మంచు లోపల గుళికలు పదునైన పలుకులుగా మారిపోయి ఒకదానికొకటి అంటుకోవు. ఇంకో రకం ఉంది, మబ్బు లేని చలి రాత్రి మంచు పైన తేమ గడ్డకట్టి చిన్న చిన్న ఈకల్లా మొలుస్తుంది, ఎండలో మిలమిలా మెరుస్తుంది, చూడ్డానికి చాలా బాగుంటుంది, మర్నాడు దాని మీద మీటరు మంచు పడిందంటే ఆ ఈకలు కింద నిలబడే ఉంటాయి, పేకముక్కల మేడలాగా. వారాల పాటు. పైన ఒక మనిషి బరువు పడగానే ఒక్కసారిగా కూలి, ఆ మీటరు మందం పలక మొత్తం ఊడి కిందకి వస్తుంది. ఎక్కువగా ఇలా జరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో, దురదృష్టం ఏంటంటే స్కీ చెయ్యడానికి మజా వచ్చేది కూడా సరిగ్గా ఆ వాలే.

దీన్ని చూడ్డానికి ట్రైనీ గొయ్యి తవ్వుతాడు. నిలువు గోడలా కోసి, దాని మీద చెయ్యి వేసి పై నుంచి కిందకి వస్తాడు: పిడికిలి దిగితే మెత్తన, నాలుగు వేళ్ళు దిగితే కొంచెం గట్టి, ఒక్క వేలు, తర్వాత పెన్సిలు, తర్వాత కత్తి. ఎక్కడ ఒక్కసారిగా మారిందో అక్కడ అనుమానం. అక్కడి పలుకులు కొన్ని గోకి, గళ్ళ పలక మీద వేసి భూతద్దం పెట్టి చూస్తాడు, ఊపిరి తగిలితే కరిగిపోతాయని మొహం పక్కకి తిప్పి గాలి వదులుతాడు. తర్వాత 30 సెంటీమీటర్ల చదరం స్తంభం ఒకటి రంపంతో కోసి, పైన పార పెట్టి చేత్తో కొడతాడు, మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. పదమూడో దెబ్బకి స్తంభం మధ్యలో ఒక చోట టప్‌మని సొరుగు బయటికొచ్చినట్టు ముందుకి జారిందనుకోండి, నోట్‌బుక్‌లో దెబ్బల లెక్క, లోతు, ఏ రకం పలుకులు, ఎలా తెగింది అన్నీ ఒక నిర్దిష్టమైన పద్ధతిలో రాసుకోవాలి. దేశం మొత్తం గైడ్‌లు ఒకే సంకేతాల్లో రాస్తారు కాబట్టి వేరే లోయలో ఉన్నవాడు కూడా చదివి అర్థం చేసుకుంటాడు. ఇంతా చేసి, ఈ గొయ్యి చెప్పేది ఈ గొయ్యి గురించే. ఇరవై మీటర్లు పక్కకెళ్తే కథ వేరే ఉండొచ్చు. ఈ సంగతి మొదటి వారంలోనే చెప్తారు గానీ ఒంటపట్టడానికి ఏళ్ళు పడుతుంది.

అసలు ఇబ్బంది అంతా ఇక్కడే ఉంది. మామూలుగా ఏ పనైనా తప్పు చేస్తే తెలుస్తుంది, మళ్ళీ చెయ్యం, అలా నేర్చుకుంటాం. వంటలో ఉప్పెక్కువైతే నోట్లో పెట్టుకోగానే తెలుస్తుంది. మంచు వాలు అలా చెప్పదు. ఒక గైడ్ తప్పు నిర్ణయం తీసుకుని ప్రమాదమున్న వాలు మీదకి గుంపుని తీసుకెళ్ళాడు, ఏమీ కాలేదు, బలహీనమైన చోట ఎవరి స్కీ తగల్లేదు అంతే, అందరూ కేకలేసుకుంటూ కిందకొచ్చారు, టిప్పు కూడా బాగా ఇచ్చారు. ఆ గైడ్ బుర్రలో ఏం రికార్డయింది? సరిగ్గా అంచనా వేశాను అని. ఇలా ఓ వంద సార్లు జరిగితే అనుభవం పెరిగినట్టే కనిపిస్తుంది, పెరిగింది ధైర్యం మాత్రమే. కొండ నిజం చెప్పేది ఎప్పుడో ఒకసారి, అప్పుడు దాని ఫీజు చాలా ఎక్కువ. అందుకే ఈ రంగంలో ఇరవై ఏళ్ళ అనుభవం అనే మాటకి మనం అనుకునేంత బరువు ఉండదు, సీనియర్ గైడ్‌లే ఈ మాట ముందు ఒప్పుకుంటారు.

ఇయాన్ మెక్‌కామన్ అనే ఆయన అమెరికాలో జరిగిన అవలాంచ్ ప్రమాదాలు వందల్లో 2000ల మొదట్లో తీసి చూశాడు, ట్రైనింగ్ ఉన్నవాళ్ళు కూడా ఎందుకు పోతున్నారని. తెలిసిన చోటే కదా అనుకోవడం, గుంపులో మంచి పేరు కోసం ఊ అనడం, ముందే అనుకున్నాం కదా అని వెనక్కి తగ్గకపోవడం, పెద్దాయన ముందున్నాడు కదా అని నోరు మూసుకోవడం, వేరేవాళ్ళకంటే ముందు మనమే తాజా మంచు మీద స్కీ గీత గియ్యాలన్న తొందర, పక్కన ఇంకో గుంపు దిగుతోంది కదా అని ధైర్యం. మంచు గురించి ఏమీ తెలీక చేసే తప్పులు కావివి, మనుషుల మధ్య ఉండటం వల్ల వచ్చేవి. పెద్దాయన ముందున్నాడు కదా అన్న దాని గురించి తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదేమో.

కాబట్టి ఈ వ్యాపారం దశాబ్దాల మీద చేసిందేంటంటే, ఒక్క మనిషి అనుభవాన్ని నమ్ముకోవడం తగ్గించి చుట్టూ కట్టడాలు కట్టుకుంది. పొద్దున్న మీటింగ్ అందులో ఒకటి. ముందు వాతావరణం: రాత్రి ఎంత పడింది, గాలి ఎటు నుంచి ఎంత, ఉష్ణోగ్రత ఎంత ఎక్కి ఎంత దిగింది. తర్వాత ఇన్ఫోఎక్స్, 1991లో కెనడియన్ అవలాంచ్ అసోసియేషన్ మొదలుపెట్టిన ఇచ్చిపుచ్చుకునే పద్ధతి, మార్కెట్లో పోటీ పడే కంపెనీలు కూడా ప్రతి రాత్రీ మేము ఇవాళ ఏం చూశాం, ఎక్కడ ఏ సైజు జారింది అని ఒకరికొకరు పంపుకుంటాయి. తర్వాత ఇవాళ ఉన్న సమస్య ఏ రకం అని పేరు పెడతారు, గాలి కట్టిన పలకా, తుఫాను పలకా, లోతున పాతుకుపోయిన బలహీనమైన పొరా, గట్టు అంచున వేలాడే మంచు చూరా, ఇలా మొత్తం తొమ్మిది రకాలు. పేరు పెట్టడం చాదస్తంలా అనిపిస్తుంది గానీ ఒక్కో రకానికి తప్పించుకునే తీరు వేరు. గాలి పలక అయితే రెండ్రోజుల్లో సర్దుకుంటుంది, చేతులతో చూసి తెలుసుకోవచ్చు. లోతున ఉన్న పొర అయితే ఏ పరీక్షా నమ్మకంగా చెప్పదు, పెద్ద వాలులు నెలల తరబడి వదిలెయ్యడం ఒక్కటే మందు. ఆ తర్వాతే రన్ లిస్టు. రన్‌లు మూసేది ప్రతిసారీ అవలాంచ్ భయంతోనే కాదు, కొండ కారిబూ జింకలు అటు కనపడ్డాయంటే కూడా ఆ చుట్టుపక్కల దిగకూడదు.

లిస్టు పొద్దున్న లాడ్జ్‌లో ఎందుకు రాస్తారంటే, మధ్యాహ్నం ఎండలో కొండ మీద నిలబడి, ఎదురుగా గీత పడని వాలు, వెనక గెస్టులు "ఇక్కడ దిగుదామా" అంటుంటే ఏ మనిషి బుర్రా సరిగ్గా పనిచెయ్యదు కాబట్టి. రూల్ ఏంటంటే ఆకుపచ్చ రన్‌ని కొండ మీద చూసి గైడ్ ఎరుపు చెయ్యొచ్చు, ఎరుపుని మాత్రం ఆకుపచ్చ చెయ్యకూడదు. పెళ్ళి షాపింగ్‌కి వెళ్ళేముందు ఇంట్లోనే బడ్జెట్ రాసుకున్నట్టు.

ఇవన్నీ ఉన్నా ప్రమాదాలు ఆగలేదు, ఆ మాట కూడా చెప్పాలి. 1991 మార్చి 12న బగాబూస్‌లో బే స్ట్రీట్ అనే రన్ మీద ఒకేసారి 9 మంది పోయారు. 2025 మార్చి 24న కాస్లో ఊరి దగ్గర జరిగింది ఇంకోరకం, గెస్టులు స్కీ చేసి దిగిపోయి కింద హెలికాప్టర్ కోసం ఆగి ఉన్నారు, పైన చరియ విరిగింది, పైలట్ చూసి సైరన్ మోగించాడు, ఒక గుంపు తప్పుకోగలిగింది, రెండో గుంపులో నలుగురు చిక్కుకుంటే ముగ్గురు చనిపోయారు. ట్రైనింగ్‌లో పికప్ చోటు ఎంచడం మీద అంత సేపు ఎందుకు కూర్చోబెడతారో దీన్ని బట్టి అర్థమవుతుంది, అందరి ధ్యాసా దిగే వాలు మీదే ఉంటుంది, దిగిపోయాక అమ్మయ్య అనుకునే చోట మాత్రం గుంపు మొత్తం ఒకే దగ్గర ముద్దగా నిలబడి ఉంటుంది.

సర్టిఫికెట్ దారిలో ఉన్నవాడు మొదట చేసేది టెయిల్ గైడ్ ఉద్యోగం, అంటే గుంపులో ఆఖరివాడు. ముందు లీడ్ గైడ్ గీత గీసుకుంటూ పోతాడు, "నా గీతకి ఎడమ పక్కనే రండి, ఒక్కొక్కరే, ఆ మూడు చెట్ల దగ్గర ఆగండి" అని చెప్పి. టెయిల్ గైడ్ అందరూ వెళ్ళాక కదలాలి. పడిపోయినవాడి స్కీ వెతికిపెట్టాలి, అది మంచు కింద దూరిపోతే ఇరవై నిమిషాలు పారతో గోకాలి. కళ్ళద్దాల్లో ఆవిరి పట్టినవాడికి గుడ్డ ఇవ్వాలి. చెట్ల మధ్య దిగేటప్పుడు జంటలుగా పంపి, ఒకరికొకరు కేకలేసుకుంటూ వెళ్ళమని పదిసార్లు చెప్పాలి. కారణం, పెద్ద దేవదారు చెట్ల మొదట్లో కొమ్మల కింద మంచు సరిగ్గా నిండక బావిలాంటి ఖాళీ ఉంటుంది, తల కిందులుగా అందులో పడ్డవాడి మీద చుట్టూ మెత్తటి మంచు కూలి ఊపిరాడదు. చెట్టు బావిలోంచి సొంతంగా బయటికి రాగలరా అని ప్రయోగం చేసి చూస్తే పదిమందిలో తొమ్మిదిమంది రాలేకపోయారు. టెయిల్ గైడ్ లెక్క తప్పితే కింద పదకొండుకి పదిమందే ఉంటారు, వెనక్కి ఎక్కడానికి అరగంట పడుతుంది.

పేరుకి ఆఖరివాడే గానీ కింద నుంచి కనపడనివి వాడికి కనపడతాయి, ఆరో మనిషి దాటాక మంచు పైన సన్నటి పగులు వచ్చిందనుకోండి అది చూసేది వాడే. రేడియోలో చెప్పాలి. ఇక్కడే పాత చిక్కు, లీడ్ గైడ్ పాతికేళ్ళ సీనియర్, వచ్చే సీజన్ వీడికి పని ఉంటుందా లేదా ఆయన మాట మీద ఉంటుంది, ఆ పగులు పగులేనా లేక స్కీ గీతేనా పూర్తి నమ్మకం లేదు. అందుకే కొన్ని చోట్ల పొద్దున్న మీటింగ్‌లో మొదట జూనియర్ చేతే మాట్లాడిస్తారు, పెద్దవాళ్ళు చెప్పాక అడిగితే వాడు వాళ్ళ మాటే తిప్పి చెప్తాడని తెలుసు కాబట్టి. ఇది అన్ని చోట్లా లేదు, ఉండాలి.

హెలికాప్టర్ దగ్గరి ట్రైనింగ్ పైకి సింపుల్, తప్పు జరిగితే మాత్రం సరిదిద్దుకునే అవకాశమే ఉండదు. తోక రెక్క వైపు ఎవ్వరూ వెళ్ళకూడదు, పైలట్‌కి కనపడే వైపు నుంచే రావాలి, వాలు మీద ఆగితే పైవాలు నుంచి నడిచి రాకూడదు, అటు రెక్క తల ఎత్తులో తిరుగుతుంది. స్కీలు భుజం మీద నిలువుగా ఎత్తకూడదు. పికప్ దగ్గర అందరూ బ్యాగులు కుప్పేసి, పక్కన మోకాళ్ళ మీద ముడుచుకుని కూర్చుంటారు, హెలికాప్టర్ దాదాపు మీద పడుతుందేమో అన్నంత దగ్గరగా దిగుతుంది, గాలికి లేచిన మంచులో ఏమీ కనపడదు, ఆ తెల్లటి అయోమయంలో పైలట్‌కి నేల ఎక్కడుందో చెప్పేది ముడుచుకు కూర్చున్న గైడ్, పాతిపెట్టిన జెండా కర్ర, అంతే. కాబట్టి గైడ్ భయపడి లేచి పక్కకి జరిగాడంటే పైలట్ కొలత పోయినట్టే. కదలకుండా కూర్చోవడం కూడా ప్రాక్టీస్ చేయిస్తారు. 2021 మార్చిలో అలాస్కాలో నిక్ గ్లేసియర్ దగ్గర హెలికాప్టర్ కూలి ఆరుగురిలో ఐదుగురు పోయారు, చెక్ దేశంలో అందరికంటే ధనవంతుడైన పీటర్ కెల్నర్, ఇద్దరు గైడ్‌లు అందులో ఉన్నారు. మంచు ఎంత చదివినా ఈ రిస్కు గైడ్ చేతిలో ఉండేది కాదు.

స్నోక్యాట్ గైడింగ్‌ని హెలికి తమ్ముడిలా చూస్తారు గానీ దాని తలనొప్పులు దానికున్నాయి. తుఫానులో హెలికాప్టర్ లేవదు, ఇంట్లో కూర్చుంటారు. క్యాట్ మాత్రం వెళ్తుంది, అంటే సరిగ్గా మంచు దంచి కొడుతున్న రోజున, ప్రమాదం పెరుగుతున్న గంటల్లో గైడ్ బయట ఉంటాడు. పైగా క్యాట్ నడిచే రోడ్డు కూడా అవలాంచ్ దారుల్ని దాటుకుంటూ పోతుంది, స్కీ చేసే వాలు ఒక్కటే చూసుకుంటే సరిపోదు, బండి వచ్చేపోయే దారి పైన ఏం వేలాడుతోందో రోజూ చూడాలి. బాంబులేసి దింపాలంటే పేలుడు లైసెన్స్ పరీక్ష వేరే రాయాలి. తిరిగే ప్రాంతం కూడా చిన్నది, అవే వాలులు మళ్ళీ మళ్ళీ. ప్రతి పది మీటర్లూ తెలిసిపోవడం లాభమే, బాగా తెలిసినచోటే కళ్ళు మూతపడతాయి అనేది నష్టం.

రెస్క్యూ ప్రాక్టీస్ మాత్రం విసుగొచ్చేదాకా చేయిస్తారు. బీకన్ అంటే మంచులో కూరుకుపోయినా సిగ్నల్ పంపే చిన్న పెట్టె, అందరూ ఒంటికి కట్టుకుంటారు. ఇన్‌స్ట్రక్టర్ రెండు మూడు బీకన్‌లు సంచుల్లో పెట్టి పూడ్చేసి గడియారం నొక్కుతాడు. అన్ని బీకన్‌లూ 457 కిలోహెర్ట్జ్ మీదే పలుకుతాయి, ట్రైనీ సిగ్నల్ దొరికేదాకా పరిగెత్తి, నంబరు తగ్గుతున్నకొద్దీ నెమ్మదించి, ఆఖరి మూడు మీటర్లలో బీకన్‌ని మంచుకి ఆనించి నేల మీద పాకుతూ శిలువ ఆకారంలో వెతుకుతాడు. అన్నిటికంటే చిన్న నంబరు దగ్గర ప్రోబ్ అనే పొడవాటి కర్ర వాలుకి లంబంగా గుచ్చి, తగలకపోతే 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్టూ సుడి తిరిగినట్టు గుచ్చుకుంటూ పోతాడు. మెత్తగా, రబ్బరు తగిలినట్టు తగిలితే కర్ర అక్కడే వదిలెయ్యాలి, తియ్యకూడదు. తర్వాత అసలు కష్టం, తవ్వడం. జారి ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, మీటరు లోతున్న మనిషిని తియ్యాలంటే టన్నుకి పైగా మంచు తోడాలి, కొత్తవాళ్ళు సరిగ్గా కర్ర పక్కనే నిలబడి బావి తవ్వుతారు, కింద ఉన్నవాడి గాలిని వాళ్ళే తొక్కేస్తారు. కిందవాలు వైపు నుంచి అడ్డంగా తవ్వుకుంటూ రావాలి, ముందు ఒకడు, వెనక ఇద్దరు ఆ మంచుని తోసేస్తూ, అలసిపోకముందే మారుతూ. మొదటి పది నిమిషాల్లో బయటపడ్డవాళ్ళలో చాలామంది బతుకుతారు, ఆ తర్వాత లెక్క చాలా వేగంగా పడిపోతుంది. కెనడా లెక్కల్లో చనిపోయినవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మంది ఊపిరాడక కాదు, చెట్లకీ రాళ్ళకీ కొట్టుకుని పోయారు, వాళ్ళకి ఏ బీకనూ పనికిరాదు.

ఇక డబ్బు. వారం రోజుల హెలి స్కీయింగ్‌కి పది వేల కెనడియన్ డాలర్లు దాటే ప్యాకేజీలు మామూలే. చాలా ఏళ్ళ పాటు ఈ వ్యాపారం అమ్మింది దిగిన ఎత్తుని అడుగుల్లో కొలిచి ఆ లెక్కన, వారంలో లక్ష అడుగులు దిగడం గ్యారంటీ, తగ్గితే డబ్బు వెనక్కి, మిలియన్ అడుగులు పూర్తి చేసినవాళ్ళకి ప్రత్యేకమైన సూటు బహుమతి. లెక్క పెట్టేది దిగిన అడుగుల్ని, అదే వారంలో గైడ్ వద్దని వదిలేసిన వాలుల్ని ఎవరూ లెక్కపెట్టరు, వాటికి సూటు లేదు. గెస్టుకి కనపడేది కూడా మిస్సయిన పౌడరే, అంటే మెత్తటి తాజా మంచే. అందుకని గైడ్‌కి "వద్దు" ని అమ్మడం కూడా రావాలి, ఇవాళ పెద్ద వాలులు మూసేశాం అని మొహం వేలాడేసుకుని చెప్పేవాడి గుంపు రోజంతా గొణుగుతూనే ఉంటుంది, చెట్ల మధ్య మంచు ఇవాళ అదిరిపోయింది పదండి అని తీసుకెళ్ళేవాడి గుంపుకి ఏం మిస్సయిందో కూడా తెలీదు. పరీక్షకుడు ఇది కూడా చూస్తాడు, మార్కులు ఏ గడిలో వేస్తాడో గానీ.

జీతం రోజు లెక్కన, సీజన్ డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా, పైన టిప్పులు. మోకాళ్ళు, నడుము నలభై దాటాక గొడవ మొదలెడతాయి. ఎండాకాలం కొందరు కొండ ఎక్కేవాళ్ళని తీసుకెళ్తారు, కొందరు అడవి మంటలు ఆర్పే పనికి పోతారు, కొందరు వడ్రంగం. ఫస్ట్ ఎయిడ్ గడువు అయిపోగానే మళ్ళీ చెయ్యాలి, అవలాంచ్ వర్క్‌షాపులు ఏటా ఉంటాయి. పదిహేనేళ్ళు లీడ్ చేసినవాడు వేరే కంపెనీకి మారితే అక్కడి రన్‌లు తెలిసేదాకా కొన్నాళ్ళు మళ్ళీ టెయిల్ గైడే, పార తీసి ఎవడిదో స్కీ వెతకడమే, పొద్దున్న ఆరింటికి కొత్త లిస్టు ముందు కూర్చుని తెలియని పేర్లు ఒక్కొక్కటే వినడమే.